బాన అడుగున పగులు

యోమ్ నది ఒడ్డున బాన్ దిన్ అనే కుమ్మరుల ఊళ్లో ఖామ్సాయ్ అనే పనివాడు ఉండేవాడు. మట్టి అతని చేతిలో వెన్నలా లొంగేది కానీ, 'తప్పు నాది' అన్న మాట మాత్రం అతని నోట ఎన్నడూ వచ్చేది కాదు.

ఇది ఇప్పటి సంగతి కాదు. మనం ఇప్పుడు థాయ్‌లాండ్ అని పిలిచే దేశంలో, ఐదువందల ఏళ్ల కిందట జరిగింది. ఆ రోజుల్లో ఆ నది పొడవునా కుండలు కాల్చే ఆములు ఉండేవి. ఇటుకలతో కట్టిన ఆ ఆములు దూరం నుంచి చూస్తే పడుకున్న తాబేళ్లలా కనిపించేవి. వాటిలోంచి వచ్చే గిన్నెలకూ జాడీలకూ బానలకూ లేత ఆకుపచ్చ గాజుపూత ఉండేది. వాన కడిగిన లేత అరటాకు రంగు అది. ఆ సామాను పడవలెక్కి సముద్రం దాటి పోయేది.

బాన్ దిన్‌లో బానలు చేయడంలో ఖామ్సాయ్‌ని మించినవాడు లేడు. మనిషి నడుము దాకా వచ్చే బానను కుమ్మరి సారె మీద ఎక్కడా వంకర లేకుండా లేపేవాడు. పనిలో మిగతావాళ్లు అందరూ సాయం చేసేవారు కానీ, బాన అడుగు మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

"అడుగు బాగుంటేనే బాన బాగుంటుంది. అది నా చేత్తోనే పడాలి," అనేవాడు.

అంత మంచి పనివాడే, చిన్న పొరపాటు జరిగినా దాన్ని తన మీద ఉంచుకునేవాడు కాదు. కాలు జారి నదిలో పడితే పడవ సరిగా కట్టలేదని పడవవాడిని అనేవాడు. తాను వండిన కూరలో ఉప్పెక్కువైతే, ఈసారి దొరికిన ఉప్పే అలాంటిదనేవాడు. ఊళ్లోవాళ్లు నవ్వి ఊరుకునేవారు. చేసే బానలు బంగారంలా ఉన్నప్పుడు మాట ఎలా ఉంటే ఏమని వాళ్ల ఉద్దేశం.

ఆ ఊరికి ఎదురుగా ఒక కొండ ఉంది. కొండ మీద భిక్షువుల విహారం ఉంది. పైన బావి లేదు. భిక్షువులు రోజూ కిందకు దిగి, నది నీళ్లు కావళ్లతో మోసుకుని రెండువందల మెట్లు ఎక్కేవారు. ఆ ఏడు వరికోతలు అయిన కొత్తలో ఒక ముసలి భిక్షువు కావడితో పాటు మెట్ల మీద పడ్డాడు. ఆయన తుంటి విరిగింది. మళ్లీ లేచి నడవలేకపోయాడు.

విహారానికి పెద్ద అయిన భిక్షువు ఆ వారమే ఖామ్సాయ్ ఇంటికి వచ్చాడు.

"నాయనా, మాకు పన్నెండు పెద్ద బానలు కావాలి. చూరు కింద వరసగా పెట్టుకుంటే వానాకాలం నీళ్లు పట్టుకుంటాం. ఆ నీళ్లతో ఏడాదిలో సగం గడిచిపోతుంది. ముసలివాళ్లకు మెట్లు ఎక్కే బాధ తప్పుతుంది. మొదటి వానకు ముందే ఇవ్వగలవా?"

"వానలకు ఇంకా ఐదు నెలలుంది స్వామీ. నాకు ఒక్క నెలన్నర చాలు," అన్నాడు ఖామ్సాయ్.

పని మొదలైంది. మాలాయ్ అనే ఆవిడ నది గట్టున మంచి మట్టి తవ్వి తెచ్చి, రాళ్లు ఏరి, కాళ్లతో తొక్కి ముద్దలు చేసింది. ఖామ్సాయ్ బానలు చేశాడు. అతని అక్క బువా కట్టెల బూడిదను పొలంలోని ఒండ్రుమట్టితో కలిపి, గుడ్డలో వడగట్టి, బానలకు పూత వేసింది. ఇక ఆము దగ్గర మంట చూసేది సేంగ్. ఆయనకు అరవై దాటాయి. నలభై ఏళ్లుగా ఆ ఊరి మంటలన్నీ ఆయనే చూశాడు. వేడికి కనుబొమల వెంట్రుకలు ఎప్పుడో పోయాయి. మంట రంగు చూసి లోపల కుండ ఎంత కాలిందో చెప్పేవాడు.

మూడు రోజులు కాల్చి, నాలుగు రోజులు చల్లార్చి ఆము తెరిచారు. పన్నెండు బానలూ నిగనిగలాడుతూ బయటికి వచ్చాయి. ఊరంతా వచ్చి చూసింది. గడ్డి చుట్టి, మోకులు కట్టి, నలుగురేసి మనుషులు ఒక్కొక్క బానను కొండ మీదకు మోశారు. వానలు రాకముందే ఒకసారి నీళ్లు పోసి చూద్దామని ఆడవాళ్లు మధ్యాహ్నం దాకా కింద నుంచి కడవలతో నీళ్లు మోసి బానలు నింపారు.

సాయంత్రానికి బానల కింద నేల తడిసింది. మరునాటికి మూడు బానల్లో తప్ప దేంట్లోనూ నీళ్లు లేవు.

ఖామ్సాయ్ కబురు విని పరుగున వెళ్లాడు. బానల చుట్టూ తిరిగాడు. పైనెక్కడా పగులు కనిపించలేదు. నీళ్లు మోసిన ఆడవాళ్లు, బానలు మోసిన మగవాళ్లు అందరూ అక్కడే నిలబడి అతని వైపే చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పాలి.

"ఇది మంట పని," అన్నాడు. "మంట ఒక్కసారిగా పెంచితే బాన లోపల్లోపల చిట్లిపోతుంది."

సేంగ్ ముందుకు వచ్చాడు. "మంట నేను చూశాను ఖామ్సాయ్. మొదటి రోజంతా సన్నమంటే పెట్టాను. మంటలో తేడా లేదు."

"లేకపోతే బానలు వాటంతటవే కారుతున్నాయా? నీ తప్పు కాదులే అన్నా. వయసు మీద పడింది. నీ కళ్లకు మంట రంగు తెలియడం లేదు. ఆ మాట నువ్వు ఒప్పుకుంటే బాగుంటుంది."

సేంగ్ అందరి మొహాలూ ఒకసారి చూశాడు. ఆయన తరఫున మాట్లాడదామని ఒకరిద్దరికి అనిపించింది కానీ, ఖామ్సాయ్ మాట కాదని చెప్పే ధైర్యం రాలేదు. సేంగ్ మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆ వారమే తట్టాబుట్టా సర్దుకుని, నదికి దిగువన పెళ్లయిన కూతురు ఉన్న ఊరికి చేరాడు.

ఖామ్సాయ్ మళ్లీ బానలు చేశాడు. పగిలిన పాతవాటిని కొండ మీద నుంచి తెప్పించి ఆము వెనక పెంకుల కుప్పలో వేయించాడు.

"వాటిని ఒకసారి తిరగేసి చూడు. ఎక్కడ పగిలాయో, ఎందుకు పగిలాయో తెలుస్తుంది," అంది బువా.

"తెలిసిందే కదా అక్కా. మళ్లీ చూసేదేముంది?" అన్నాడు.

ఈసారి మంట కూడా తనే చూశాడు. మూడు రోజులు కన్ను మూయకుండా కూర్చున్నాడు. ఆము తెరిచాక బానలను పెరట్లోనే పెట్టి నీళ్లు పోయించాడు. మధ్యాహ్నం అయ్యేసరికి రెండు తప్ప అన్నీ కారడం మొదలుపెట్టాయి.

మాలాయ్ పక్కనే ఉంది. ఖామ్సాయ్ ఆమె వైపు తిరిగాడు.

"ఎక్కడి మట్టి తెచ్చావు? ఇసుక కలిసి ఉంటుంది."

"ఇరవై ఏళ్లుగా తవ్వే చోటే తవ్వాను అన్నా. రోజూ నువ్వే కదా చేత్తో పట్టుకుని చూసేది. ఇసుక ఉంటే ఆనాడే చెప్పేవాడివి," అంది మాలాయ్.

"పైకి తెలియని ఇసుక ఉంటుంది."

మాలాయ్ పార భుజాన వేసుకుంది. "అయితే తెలిసేవాళ్ల చేత తవ్వించుకో," అని వెళ్లిపోయింది.

బువా పూత కలుపుతున్న చేతులు కడుక్కుంటూ అడిగింది. "తప్పు మంటదని సేంగ్‌ను పంపేశావు. మట్టిదని మాలాయ్‌ని పంపేశావు. ఇక మిగిలింది నేనే. నా పూతదంటావా?"

ఖామ్సాయ్ తల వంచుకున్నాడు. కాదు అంటే సరిపోయేది. కానీ కాదంటే ఇక మిగిలేది తానొక్కడే. "పూత కూడా ఈసారి కాస్త పలచగా ఉంది," అన్నాడు.

బువా చేతులు తుడుచుకుని ఇంటికి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి ఆమె పనికి రాలేదు.

వానాకాలం దగ్గర పడుతోంది. పగటిపూట ఉక్కపోత మొదలైంది. దక్షిణాన అప్పుడప్పుడు మబ్బు కనిపించి పోతోంది. ఎదురుగా కొండ మెట్ల మీద భిక్షువులు కావళ్లతో ఎక్కుతూ కనిపించేవారు. ఖామ్సాయ్ అటువైపు చూడకుండా ఉండటానికి సారెను ఇంకో పక్కకు జరుపుకున్నాడు.

అతను పంతం పట్టాడు. అవతలి ఒడ్డుకు వెళ్లి తనే మట్టి తవ్వాడు. తనే తొక్కాడు. తనే బూడిద వడగట్టాడు. ఒక చిన్న బాన చేసి, చిన్న ఆములో పెట్టి, కట్టెలు తనే వేశాడు. అది బయటికి వచ్చాక దాని నిండా నీళ్లు పోసి ఎదురుగా కూర్చున్నాడు.

చాలాసేపు ఏమీ కాలేదు. అతని మొహం కాస్త తేటపడింది. అంతలో బాన అడుగు నుంచి సన్నగా తడి బయటికి వచ్చి, నేల మీద గీతలా పారింది.

ఖామ్సాయ్ చుట్టూ చూశాడు. పెరడు ఖాళీగా ఉంది. మంట తనది, మట్టి తనది, పూత తనది. ఎవరినీ అనడానికి లేదు. ఒక్కసారిగా అతనికి చాలా అలసట వచ్చింది.

నీళ్లు పారబోసి బానను బోర్లించాడు. అడుగున నడిమధ్య ఒక పగులు ఉంది. తిన్నగా లేదు. వానపాము మెలికలు తిరిగినట్టు వంకరగా ఉంది. పూత దాన్ని పైకి కనిపించకుండా కప్పింది, అంతే. అతను లేచి ఆము వెనక పెంకుల కుప్ప దగ్గరికి వెళ్లాడు. ఒక పాత బానను బోర్లించాడు. దానికీ అదే పగులు, అదే చోట. ఇంకోటి తిప్పాడు. దానికీ అంతే. కుప్పలో ఉన్న బానల అడుగులన్నీ ఒకదాని తర్వాత ఒకటి చూశాడు.

ముప్పై ఏళ్లుగా కుమ్మరి పని చేస్తున్నవాడు అతను. ఆ పగులు ఏమి చెబుతోందో అతనికి ఇంకొకరు చెప్పక్కర్లేదు. మంట వల్ల పగిలితే పక్కన పగులుతుంది, అంచున పగులుతుంది. మట్టిలో ఇసుక ఉంటే చోటు చోటునా చిట్లుతుంది. అడుగున నడిమధ్య ఇలా మెలిక తిరిగి పగిలిందంటే ఒకటే కారణం. సారె మీద అడుగు వేసేటప్పుడు బొటనవేలితో గట్టిగా అదమలేదు. అక్కడ మట్టి వదులుగా ఉండిపోయి, ఆరేటప్పుడు విడిపోయింది.

అడుగు తన చేత్తోనే పడాలని చెప్పుకున్నది తనే.

అతను తన కుడి బొటనవేలిని చూసుకున్నాడు. చలికాలం నుంచి దాని కణుపు వాచి నొప్పి పెడుతోంది. మట్టిని అదిమినప్పుడల్లా మోచేతి దాకా సలుపు వచ్చేది. సలుపుకు భయపడి తేలిగ్గా అదిమేవాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తనకు తను కూడా చెప్పుకోలేదు. ఈ వేలు పోతే ఖామ్సాయ్ అనే పేరుకు అర్థం ఏముంటుంది? ఆ భయమే అతని చేత మంటను, మట్టిని, పూతను తిట్టించింది. సేంగ్ మెట్లు దిగి వెళ్లడం గుర్తొచ్చింది. వెళ్లేటప్పుడు ఆయన నడక ఎంత మెల్లగా ఉందో ఇప్పుడు తెలిసింది.

తెల్లవారగానే పగిలిన అడుగు పెంకు ఒకటి గుడ్డలో కట్టుకుని, నది గట్టు వెంట దిగువకు నడిచాడు.

సేంగ్ కూతురి ఇంటి ముందు కూర్చుని చేపల బుట్ట అల్లుతున్నాడు. ఖామ్సాయ్‌ను చూసి లేవలేదు, రమ్మనలేదు. ఖామ్సాయ్ ఎదురుగా నేల మీద కూర్చుని మూట విప్పాడు. సేంగ్ పెంకును చేతిలోకి తీసుకుని, పగులు మీద వేలితో రాసి చూశాడు.

"అన్నా, తప్పు నాది," అన్నాడు ఖామ్సాయ్. ఆ మూడు మాటలు అనడానికి అతనికి దారిలో పట్టినంత సేపూ పట్టినట్టు అనిపించింది. "నా వేలు పనిచేయడం లేదు. ఆ సంగతి దాచి నెపం నీ కళ్ల మీద పెట్టాను."

సేంగ్ పెంకును కింద పెట్టాడు. "నా కళ్లు పోయాయని ఊరంతా విన్నది. తప్పు నీదని నేనొక్కడినే విన్నాను."

"ఊరంతా వినేలా చెబుతాను. వస్తావా?"

"నువ్వు చెప్పాక వస్తాను," అన్నాడు సేంగ్, మళ్లీ బుట్ట అందుకుంటూ.

రెండు రోజుల తర్వాత ఊళ్లో సంత. నది ఒడ్డున కూరలవాళ్లు, చేపలవాళ్లు, పడవలవాళ్లు అందరూ ఉన్నారు. విహారం పెద్ద భిక్షకు వచ్చాడు. బువా, మాలాయ్ కూడా ఉన్నారు. ఖామ్సాయ్ పగిలిన అడుగులు నాలుగైదు తెచ్చి అందరికీ కనిపించేలా ఒక చాప మీద బోర్లించాడు.

"సేంగ్ అన్న చూసిన మంటలో తప్పు లేదు. మాలాయ్ మట్టిలో తప్పు లేదు. మా అక్క పూతలో లేదు. అడుగు వేసింది నేను. నా బొటనవేలు చెడిపోయింది. చెబితే నన్ను పనికిరానివాడంటారని భయపడి, పనికొచ్చేవాళ్లను పంపేశాను. స్వామీ, వానలొచ్చేస్తున్నాయి. ఇక నా వల్ల అవుతుందో లేదో తెలియదు."

అంతా నవ్వుతారనుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. బువా వచ్చి అతని చెయ్యి పట్టుకుని, వాచిన కణుపును చూసింది.

"ఇంత నొప్పి పెట్టుకుని నాలుగు నెలలు నాతో ఒక్క మాట అనలేదు," అంది. ఆమె గొంతులో కోపం కన్నా బాధ ఎక్కువ ఉంది.

మాలాయ్ ఒక పెంకును తిరగేసి చూస్తోంది. "వేలితోనే అదమాలని ఎవరన్నారు?" అంది. "మా నాన్నకు చివరి రోజుల్లో చేతులు వణికేవి. నదిలో దొరికే గుండ్రటి రాయితో అడుగు దంచేవాడు. నువ్వు పక్కన కూర్చుని ఎక్కడ ఎంత అదమాలో చెప్పు. నేను దంచుతాను. మట్టి తొక్కే కాళ్లు నావి, చేతులు మాత్రం తక్కువా?"

విహారం పెద్ద చిరునవ్వు నవ్వాడు. "నాయనా, నాలుగు నెలలు నువ్వొక్కడివే మోసిన బరువును నాలుగు మాటల్లో దించేశావు. ఇప్పుడు చూడు, పట్టుకోవడానికి ఎన్ని చేతులున్నాయో."

మర్నాడే పని మొదలైంది. ఖామ్సాయ్ మట్టిముద్దను సారె మీద పెట్టేవాడు. మాలాయ్ నున్నటి రాయితో మధ్య నుంచి అంచుల దాకా దంచేది. ఇంకొంచెం, ఇక చాలు, అని అతను చెప్పేవాడు. గోడలు మాత్రం ఎప్పటిలాగే అతనే లేపేవాడు. అరచేతులతో లేపే ఆ పనికి బొటనవేలు పెద్దగా అక్కర్లేదు. మొదటి రోజు మాలాయ్ దంచిన తీరు అతనికి నచ్చలేదు. నోటి దాకా వచ్చిన మాటను మింగి, ఎలా దంచాలో మళ్లీ చూపించాడు. మూడో రోజుకు ఆమె చెయ్యి కుదిరింది. అతని చెయ్యి కన్నా బాగా కుదిరిందని అతనే అన్నాడు.

నీడలో బానలు ఆరుతుండగా సేంగ్ పడవ దిగాడు. నేరుగా వెళ్లి ఆము చుట్టూ ఒకసారి తిరిగి, ఇటుకల సందులు చూసి, ఎక్కడ మట్టి మెత్తాలో చెప్పాడు. ఖామ్సాయ్ వెళ్లి మట్టి తెచ్చి మెత్తాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి భోంచేశారు.

ముందు చేసినవాటిలో ఐదు బానలు బాగున్నాయి. ఇంకా ఏడు కావాలి. ఎందుకైనా మంచిదని ఎనిమిది పెట్టారు. మంట ఆరిన రోజున దక్షిణాన మబ్బులు కదలకుండా నిలబడ్డాయి. ఆము చల్లారే దాకా అందరూ ఆకాశం వైపు చూస్తూనే ఉన్నారు. తొందరపడి ముందే తెరుద్దామని ఎవరో అంటే సేంగ్ ఒప్పుకోలేదు. ఖామ్సాయ్ కూడా ఆయన మాటే నిలబెట్టాడు.

ఎనిమిది బానలూ పెరట్లో పెట్టి నీళ్లు నింపారు. పొద్దు వాలే దాకా ఎవరూ ఇళ్లకు వెళ్లలేదు. ఏడు బానల కింద నేల పొడిగా ఉంది. ఎనిమిదోదాని పక్క నుంచి మాత్రం సన్నగా నీళ్లు కారాయి.

అందరూ ఒక్క క్షణం ఖామ్సాయ్ వైపు చూశారు. అతను ఏదో అనబోయేలోపే సేంగ్ వంగి ఆ పగులును చూశాడు.

"ఇది పక్కన పగిలింది. దీన్ని నేను మంట నోటికి మరీ దగ్గరగా పెట్టించాను," అన్నాడు. "ఇది నా తప్పు. వచ్చేసారి ఒక జానెడు లోపలికి పెడదాం."

"అలాగే అన్నా," అన్నాడు ఖామ్సాయ్. మాలాయ్ నవ్వింది. బువా కూడా నవ్వింది. ఆ ఊళ్లో ఒక పగులు చూసి అందరూ నవ్వడం అదే మొదటిసారి.

బానలు కొండ మీదకు చేరిన మూడో రోజున మొదటి వాన కురిసింది. విహారం చూరు నుంచి నీళ్లు ధారలుగా పడి పన్నెండు బానలూ అంచుల దాకా నిండాయి. తుంటి విరిగిన ముసలి భిక్షువును ఇద్దరు మోసుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టారు. ఆయన చెయ్యి చాచి, దగ్గరున్న బానలోంచి నీళ్లు ముంచుకుని మొహం కడుక్కున్నాడు.

ఖామ్సాయ్ తర్వాత చాలా ఏళ్లు బానలు చేశాడు. అడుగు దంచడం మాలాయ్ దగ్గర నేర్చుకోమని కొత్తవాళ్లకు చెప్పేవాడు. ఏదైనా బాన పగిలితే ముందుగా తన పనిలో లోపం వెతుక్కునేవాడు. చాలాసార్లు అది అక్కడే దొరికేది, దొరికిన రోజే దాన్ని సరిదిద్దుకునేవాడు.

నీతి: తప్పును ఇతరుల మీదకు నెడితే తప్పు అలాగే ఉండిపోతుంది, మనుషులు మాత్రం దూరమవుతారు, తప్పు నాదని ఒప్పుకున్నవాడికే దాన్ని దిద్దుకునే దారీ, తోడు నిలిచే చేతులూ దొరుకుతాయి.